సిలికోన్ జిగురు – ధర్మాలు, ఉపయోగాలు



మేము ఇంటర్ చదివే రోజుల్లో హాస్టల్ గది కిటికీ అద్దం అంచు నుండి వాన నీరు కారేది. ఒక రాత్రి ట్రంకుపెట్టెలోని పదో తరగతి మెమోలు తడిశాయి. మా ఇళ్లలో అంతకుముందు ఎవరికీ లేని కాగితాలవి. మర్నాడు గదిలోని వారమంతా చందా వేసుకొని సిలికోన్ ట్యూబు తెచ్చి, పాత జిగురు మీదనే, తడి ఆరకుండానే పూశాము. వారం తిరగకముందే అది రిబ్బనులా ఊడి వచ్చింది. ఎందుకో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాక తెలిసింది.

ఏమిటిది?
సిలికాన్ వేరు, సిలికోన్ వేరు. సిలికాన్ ఇసుకలో ఉండే మూలకం, పరమాణు సంఖ్య 14. సిలికోన్ మనిషి తయారు చేసిన పాలిమర్. మామూలు ప్లాస్టిక్ గొలుసులో కార్బన్ పరమాణువులు ఉంటే, దీని గొలుసులో సిలికాన్, ఆక్సిజన్ ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. 1940లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ రోకో సులభ పద్ధతి కనుగొన్నాక దీని భారీ ఉత్పత్తికి దారి ఏర్పడింది.

ధర్మాలు
1. సిలికాన్–ఆక్సిజన్ బంధ శక్తి మోల్‌కు సుమారు 450 కిలోజౌళ్లు. కార్బన్–కార్బన్ ఏకబంధానికి సుమారు 350. అందుకే ఇది ఎండకు, వేడికి తట్టుకుంటుంది. సాధారణ రకాలు దాదాపు మైనస్ 50 నుండి 200 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేస్తాయి.
2. రబ్బరులా సాగుతుంది. ఎండకు అద్దం, చట్రం వేర్వేరుగా వ్యాకోచించినా పగలదు.
3. నీటిని, విద్యుత్తును అడ్డుకుంటుంది.
లోపాలూ ఉన్నాయి. ఎపాక్సీ అంత బలం లేదు. పాలిథిన్‌కు సరిగా అంటదు. దాని పైన రంగు నిలవదు.

ఎలా గట్టిపడుతుంది?
ట్యూబులోని ముద్ద గాలిలోని తేమతో చర్య జరిపి గట్టిపడుతుంది. ఒక రకంలో అప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది; వెనిగర్ వాసన దానిదే. ఈ ఆమ్లం రాగిని, ఇనుమును తినేస్తుంది, సిమెంటుతో చర్య జరుపుతుంది. అక్కడ న్యూట్రల్ రకం వాడాలి. గట్టిపడటం పైనుండి లోపలికి, రోజుకు సుమారు 2–3 మిల్లీమీటర్ల చొప్పున సాగుతుంది. గాలిలో తేమ కావాలి గాని, పూసే చోట తడి ఉండరాదు. ఆరిపోయిన పాత సిలికోన్‌కు కొత్తది అంటదు. మా తప్పు ఇక్కడే!

ఉపయోగాలు
కిటికీ అద్దాలు, వాష్‌బేసిన్ అంచులు, గాజు చేపల తొట్లు, మోటారు ఇంజన్ గాస్కెట్లు, సోలార్ పలకల చట్రాలు.

వాడే విధానం
పాతది బ్లేడుతో పూర్తిగా గీకాలి. స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. తలుపులు తెరిచి ఉంచి పూయాలి. కనీసం 24 గంటలు నీరు తగలనీయరాదు.

గత వేసవిలో మేము మళ్లీ హాస్టల్‌కు వచ్చి, ఆ ఇనుప చట్రం కిటికీకి న్యూట్రల్ రకం ఇలాగే పూశాము. తర్వాతి వానలకు చుక్క కూడా రాలేదు. మా మెమోల మీది మరక మాత్రం పోలేదు. ప్రతి కౌన్సెలింగులోనూ దాని గురించి అడిగారు. మీ కాగితాలకు ఆ మరక రాకూడదనే ఈ పాఠం.