కనురెప్ప వేయని కావలి

పంట చేతికి వచ్చు దినములలో రైతు పొలము నడుమ మంచె కట్టుకొని రాత్రులు కాచుచుండును. అడవిపందులు చేనిలో పడిన తక్షణమే కేకవేసి పదిమందిని లేపుట మంచె మీదివాని పని. అతడు దున్నడు, విత్తడు, కోయడు. అయినను అతడొక్క రాత్రి కునుకు తీసెనేని ఆరునెలల కష్టము తెల్లవారునప్పటికి మట్టిపాలగును. కావున పని చేయువానితోపాటు కాచువాడును ఉండవలెనని మన పెద్దలు ఏనాడో గ్రహించిరి.

బాలబాలికలారా! ఈ కాలమున మనుష్యుడు తన పనులలో పెక్కింటిని కంప్యూటర్లకు అప్పగించియున్నాడు. నెల్లూరు స్టేషనులో రైలు టిక్కెట్టు కొన్నను, బ్యాంకిలో రొక్కము జమచేసినను, ఇంటియొద్దనే కూర్చుండి పరీక్షాఫలితము చూచుకొన్నను, ఆ పని నిర్వహించునది ఎక్కడనో దూరనగరమున రేయింబవళ్లు నడుచుచుండు కంప్యూటరు. ఇట్టి కంప్యూటరును సర్వరు అందురు. సర్వరనగా సేవ చేయునది అని యర్థము. ఈ సేవకుడు అర్ధరాత్రివేళ మూర్ఛపోయినచో ఎవరికి తెలియును? మరునాడు జనులు వరుసలో నిలిచి మొరపెట్టుకొనువరకు తెలియకుండుట తగునా? అందుచేతనే సర్వర్లను కాచుటకై ప్రత్యేకముగా కొన్ని సాఫ్ట్‌వేరులను నిర్మించిరి. అవి లెక్కలు కట్టవు, టిక్కెట్లు అమ్మవు. ఇతర యంత్రములు పనిచేయుచున్నవో లేదో చూచుటయు, చేయనిచో మనుష్యులను మేలుకొల్పుటయు వాని ధర్మము. మంచె మీది కాపరివంటివి కనుక వానిని మనము కావలి అని పిలుతము.

కావలి పనిచేయు రీతి చాల సరళమైనది. అది నిమిషమునకో, ఐదు నిమిషములకో ఒకసారి ప్రతి సర్వరును పలుకరించును. "ఉన్నావా?" అని యడుగును. "ఉన్నాను" అని సర్వరు బదులు చెప్పవలెను. బదులు రాకున్నను, మిక్కిలి ఆలస్యముగా వచ్చినను కావలి ఆ సంగతిని గుర్తించును. అంతియే కాదు. యంత్రము వేడెక్కుచున్నదా, సమాచారము దాచుచోటు నిండిపోవుచున్నదా అనియు కనిపెట్టుచుండును. చెరువు తూముకడ నీటిమట్టము తెలుపు గీతలుండును గదా! నీరొక గీతను దాటిన జాగ్రత్తపడుదురు. మరియొక గీతను దాటిన గట్టు తెగునని పరుగెత్తుదురు. అట్లే కావలికిని రెండు గీతలుండును. మొదటిది హెచ్చరిక, రెండవది అపాయము. అమెరికా దేశస్థుడగు ఈథన్ గాల్‌స్టాడ్ 1999వ సంవత్సరమున ఇట్టి సాఫ్ట్‌వేరు నొకదానిని రచించి, అందరును స్వేచ్ఛగా వాడుకొనునట్లు లోకమున విడిచెను. నాగియోస్ అను పేరుతో అది దేశదేశములలో వ్యాపించినది. తదుపరి అట్టివి మరి యనేకములు వెలువడినవి.

కావలి యడుగుట ఒక పద్ధతి. అడుగకయే సర్వరు తనంతట తాను వేళకు "క్షేమము" అని చెప్పుచుండుట రెండవ పద్ధతి. దీనిని గుండెచప్పుడు అందురు. పూర్వము ఖజానాకడ కాపలాయున్న జవాను గంటగంటకును గంట కొట్టెడివాడు. ఆ గంట ఊరివారికి వేళ తెలుపుటకు మాత్రమే కాదు. కాపలావాడు మెలకువగా ఉన్నాడని అధికారికి తెలుపుటకు గూడను. గంట మ్రోగినంతసేపు అధికారి నిశ్చింతగా నిద్రించును. మ్రోగవలసినవేళ మ్రోగకున్ననో ఉలికిపడి లేచును. చూచితిరా! శబ్దము క్షేమమునకు గురుతు, నిశ్శబ్దమే అపాయమునకు గురుతు.

ఈ మాట మన సముద్రతీరవాసులకు మిక్కిలి ముఖ్యమైనది. 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ వచ్చి నెల్లూరు తీరమునందలి బెస్తపల్లెలపై విరుచుకొనిపడినది. సుమత్రా దీవికడ సముద్రగర్భమున భూమి కంపించిన పిదప ఆ యలలు మనతీరమును చేరుటకు గంటలకాలము పట్టినది. చెప్పువారున్నచో జనులు మెరకకు పోవుటకు ఆ వ్యవధి చాలియుండెడిది. కాని నాడు హిందూమహాసముద్రమునకు సునామీ హెచ్చరిక వ్యవస్థయే లేదు. 2007వ సంవత్సరమున హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థలో అట్టి కేంద్రము నెలకొల్పబడినది. సముద్రపుటడుగున నుంచిన పరికరములు నీటి యొత్తిడిని కొలిచి పైన తేలుచుండు బోయాకు తెలుపును. బోయా ఉపగ్రహము ద్వారా ఆ వార్తను కేంద్రమునకు పంపును.

ఇప్పుడొక ప్రశ్న. ఆ బోయానుండి వార్త రాలేదనుకొనుడు. సముద్రము ప్రశాంతముగా ఉన్నదని తలచవచ్చునా? తలచరాదు. సముద్రము ప్రశాంతముగా నున్నచో "ప్రశాంతము" అను వార్తయైనను రావలెను. ఏ వార్తయు రాకుండుట పరికరము చెడినదనుటకు చిహ్నము. "అపాయము లేదు" అనుట వేరు. "నాకు కనబడుట లేదు" అనుట వేరు. ఈ రెండింటికి గల భేదము నెరిగినదే మంచి కావలి.

కావలికి వివేకము గూడ వలెను. "నాన్నా, పులి!" యని ఊరక కేకలు వేసిన బాలుని కథ మీరెరిగినదే. పులి నిజముగా వచ్చిననాడు ఎవరును రాలేదు. ఒక్కసారి బదులు రానంతమాత్రమున కావలి అర్ధరాత్రివేళ ఇంజనీరును లేపినచో, నాలుగుసార్లు లేచి ఏమియు లేదని తెలిసికొని, ఐదవసారి అతడు పట్టించుకొనడు. అందుచేత కావలి రెండుమూడుసార్లు మరల అడిగి, నిజమని నిశ్చయించుకొనిన పిమ్మటనే కేకవేయును. మరియు, పెన్న మీది వంతెన తెగినచో ఆవలి యూళ్లన్నియు నశించినవని చెప్పరాదు గదా! వంతెన తెగినదని మాత్రమే చెప్పవలెను. అట్లే నడుమనున్న తంత్రీమార్గము చెడినచో, దాని కావలనున్న సర్వర్లన్నియు మరణించినవని మంచి కావలి ఘోషింపదు. మొదట ఆనాటి పనిమీద నున్నవాని ఫోనుకు వార్త పంపును. అతడు అందినదని చెప్పకున్న కొంతసేపటికి పై యధికారికి పంపును. ఎవరో ఒకరు "నేను చూచుచున్నాను" అనువరకు అది ఊరకుండదు.

ఇంతవరకు యంత్రధర్మమును చెప్పితిమి. కావలి మాట విన్నపుడు ఏమి జరుగును? విననపుడు ఏమి జరుగును? ఈ ప్రశ్నలకు మన తీరముననే నిదర్శనములు కలవు. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోటయందు 1971వ సంవత్సరమునుండి రాకెట్లను ప్రయోగించుచున్నారు. ఈ దీవి చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. రాకెట్టు నెగురవేయుటకు ముందు దాని ప్రతి యంగమును కంప్యూటరే పరీక్షించును. ఏ యంగమందైనను లోపము కనబడినచో అది ప్రయోగమును నిలిపివేయును. ఇది సర్వరును కాచు కావలికి తోబుట్టువే.

1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టును మొదటిసారి ప్రయోగించుటకు సర్వము సిద్ధమైనది. దాని ఎత్తు సుమారు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. ఆ పథకమునకు నాయకులు అబ్దుల్ కలాముగారు. ప్రయోగమునకు కొన్ని నిమిషములు మాత్రమే యుండగా కంప్యూటరు పనిని నిలిపివేసినది. నిపుణులు లెక్కలు చూచి, నియంత్రణ వ్యవస్థలో కారుట యున్నను నిలువ చాలినంత కలదని చెప్పిరి. కలాముగారు కంప్యూటరు మాటను త్రోసిపుచ్చి ప్రయోగము జరిపించిరి. మొదటి యంచె చక్కగా నడిచినది. రెండవ యంచె అదుపు తప్పినది. కొలది నిమిషములలో రాకెట్టు బంగాళాఖాతమున కూలినది. ఈ వృత్తాంతమును కలాముగారే తరువాతి కాలమున అనేక సభలలో దాపరికము లేకుండ చెప్పిరి. ఆనాడు ఇస్రో అధ్యక్షులగు సతీష్ ధవన్‌గారు పత్రికలవారి యెదుట అపజయభారమును తామే వహించిరి. మరుసటి సంవత్సరము జూలై 18వ తేదీన అదే జాతి రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినపుడు మాత్రము, పత్రికలవారితో మాటలాడుమని కలాముగారినే ముందుకు పంపిరి.

2001 మార్చి 28వ తేదీన మరియొక ఘట్టము. ఆనాడు జి.ఎస్.ఎల్.వి. అను పెద్ద రాకెట్టు మొదటి ప్రయోగము. దాని బరువు 401 టన్నులు. నడుమ ఘనేంధనపు దిమ్మ, చుట్టును ద్రవేంధనపు ఇంజన్లు నాలుగు. ఘనేంధనము తారాజువ్వ వంటిది. అంటించిన పిదప ఆర్పుట సాధ్యము కాదు. ద్రవేంధనము గ్యాసుపొయ్యి వంటిది; మీట త్రిప్పిన ఆరిపోవును. అందుచేత మొదట ద్రవేంధనపు ఇంజన్లను వెలిగించి, వాని బలము సరిగా నున్నదని చూచిన పిమ్మటనే నడిమి దిమ్మను అంటింతురు. ఆనాడు నాలుగు ఇంజన్లలో ఒకదానికి తగిన బలము రాలేదు. రాకెట్టు లేచుటకు ఒక్క సెకను ముందు కంప్యూటరు ఆ లోపమును గుర్తించి ఇంజన్లను ఆర్పివేసెను. మంటలు, పొగ క్రమ్ముకొనినను రాకెట్టు వేదికపై నిలిచియే యున్నది. ఒక్క సెకనులో ఏ మానవుడు ఆలోచింపగలడు? ఏ చేయి మీట నొక్కగలదు? లోపమును సరిచేసి ఏప్రిల్ 18వ తేదీన అదే రాకెట్టును నింగికి పంపిరి.

2023 అక్టోబరు 21వ తేదీ సంగతి ఇంకను విచిత్రము. గగనయానమున వ్యోమగాములను అపాయమునుండి తప్పించు వ్యవస్థను పరీక్షించుటకు ఒక చిన్నరాకెట్టును సిద్ధపరచిరి. 5 సెకనులు మాత్రమే యుండగా కంప్యూటరు దానిని ఆపినది. శాస్త్రజ్ఞులు కలవరపడలేదు, కంప్యూటరును త్రోసిపుచ్చలేదు. కారణము వెదకిరి. లోపము పర్యవేక్షించు ఏర్పాటులోనే యున్నదని తేలినది. అనగా కావలి చూపులోనే దోషమున్నది. దానిని సవరించి ఉదయము 10 గంటలకు ప్రయోగించిరి. పరీక్ష జయప్రదమయ్యెను; సముద్రమున దిగిన పేటికను నౌకాదళమువారు ఒడ్డునకు చేర్చిరి.

1979లో కావలి కేకవేసినది, మనుష్యులు వినలేదు. 2001లో కావలి తానే చేయిపట్టి ఆపినది. 2023లో కావలియే పొరబడినది. అయినను మనుష్యులు దాని మాటను మన్నించి, ఆగి, పరిశీలించి ముందునకు సాగిరి. పొరబడిన కావలివలన పోయినది కొంత కాలము మాత్రమే. వినని హెచ్చరికవలన పోయినది ఒక రాకెట్టు, ఎందరో యేండ్లతరబడి చేసిన శ్రమ.

కంచెయే చేను మేసినచో కాచువారెవ్వరు? కావలి నడుచు కంప్యూటరే ఆగిపోయినచో, అన్నియు క్షేమమని భ్రమించి అందరును నిద్రింతురు. అందుచేత తెలిసినవారు కావలిని వేరొక యూరి యంత్రముపై నుంతురు. దానిని కాచుటకు రెండవ కావలిని నియమింతురు. అప్పుడప్పుడు తామే బుద్ధిపూర్వకముగా ఒక సర్వరును ఆపి, కేక వచ్చునో రాదో పరీక్షింతురు. ఎన్ని కావళ్లున్నను చివరకు ఆ కేకను విని లేవవలసినవాడు మనుష్యుడే. యంత్రమునకు కనురెప్ప లేదు. కాని దానికి బాధ్యతయు లేదు. బాధ్యత మనది.

బాలబాలికలారా! మీలో కొందరు రేపు ఇట్టి యంత్రములను నిర్మింతురు, కొందరు నడుపుదురు. హెచ్చరికను విసుగుకొనక వినుట, విని కారణము వెదకుట, నిశ్శబ్దమును క్షేమమని నమ్మకుండుట, ఈ మూడు గుణములను ఇప్పటినుండియే అలవరచుకొనుడు.

కఠినపదములు

మంచె = చేనిని కాచుటకు కట్టిన ఎత్తైన అరుగు
వ్యవధి = నడుమ నుండు కాలము
తంత్రీమార్గము = వార్తలు పోవు తీగల దారి
నిదర్శనము = ఉదాహరణము
బుద్ధిపూర్వకముగా = కావలెనని, తెలిసి చేయుట

ప్రశ్నలు

1. ఖజానా జవాను కొట్టు గంటకును సర్వరు గుండెచప్పుడునకును గల పోలికను తెలుపుము.
2. బోయానుండి వార్త రాకున్నచో సముద్రము ప్రశాంతముగా నున్నదని ఏల తలచరాదు?
3. జి.ఎస్.ఎల్.వి. ప్రయోగమున ద్రవేంధనపు ఇంజన్లను ముందుగా ఏల వెలిగింతురు?
4. 1979, 2023 సంవత్సరముల ఘట్టములను పోల్చి, మీరు గ్రహించిన నీతిని పది వాక్యములలో వ్రాయుము.