క్రొత్త అంగడి - తొలి ఖాతాలు

ముదినేపల్లి ప్రాంతమున చేపల మేత అంగడి తెరచువాడు ముందుగా చెరువు లెక్క తెలియవలెను. బొచ్చె, శీలావతి పట్టుబడికి వచ్చి, మంచుతో లారీలకెక్కువరకు రైతుచేత రొక్కమాడదు. అంతవరకు తవుడైనను చెక్కయైనను అరువుమీదనే పోవును. అరువిచ్చుట తప్పుగాదు, మితి చెప్పక యిచ్చుటయే తప్పు. బాకీ ముదిరిన రైతు మొగము చాటుచేసి వేరొక అంగడికి పోవును. సొమ్మును పోవును, ఖాతాయును పోవును.

12వ శతాబ్దమున కల్యాణమందు ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలేరి తెచ్చెడివాడు. ఒకనాడవి మితిమీరగా, భార్య లక్కమ్మ తిరిగి పోసిరమ్మన్నదని శరణుల కథ. కాటా పట్టువానికి ఇంతకంటె పాఠమేల? బస్తాలో తరుగున్నచో రైతు అడుగకమునుపే సరిచేయవలెను. ఆ మాట గట్టునుండి గట్టునకు ప్రాకును. గోడమీది ప్రకటనల నెవరు చదివెదరు? తొలియేడు పది చెరువులు చాలును. పట్టుబడినాడు స్వయముగా గట్టుకు పోయి, లెక్క చూచి, రసీదు వ్రాసి యిచ్చి రావలెను.