రేవునందే రక్షణ

గోదావరి పాపికొండల నడుమ ఇరుకైన లోయలో ప్రవహించును. వేసవిలో అచట నీరు అద్దమువలె నుండును. వరదకాలమున సుడులు తిరుగుచు ఉరవడితో సాగును.

2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, నాటి తూర్పు గోదావరి జిల్లాలోని కచ్చులూరు వద్ద ఒక విహారపు పడవ మునిగిపోయెను. అందు డెబ్బదిమందికి పైగా నుండిరి. సమీపమందలి గిరిజనులు చిన్న పడవలలో వచ్చి కొందరిని కాపాడిరి. సుమారు ఏబదిమంది ప్రాణములు కోల్పోయిరి.

ఆనాడు నదిలో ప్రవాహము దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరము వద్ద మొదటి ప్రమాద హెచ్చరికను 10 లక్షల క్యూసెక్కులకు గాని ఇయ్యరు. అనగా గ్రామములకు ముప్పు రాకమునుపే పడవకు ముప్పు వచ్చెను. కావున పడవలను ఆపుటకు వేరొక హద్దు ఉండవలెను.

1917 నాటి చట్టమునకు బదులుగా 2021లో పార్లమెంటు లోతట్టు జలమార్గముల పడవలకు నూతన చట్టము చేసెను. దాని ప్రకారము యంత్రపు పడవను నమోదు చేయింపవలెను; అధికారులు పరీక్షించి పత్రము నీయవలెను; నడుపువారికి యోగ్యతాపత్రము ఉండవలెను.

అయినను చట్టము కాగితముపై నున్న చాలదు. పడవ నడినదిని చేరిన పిదప తనిఖీ వలన ప్రయోజన మేమి? జనులను లెక్కించుట, లైఫ్ జాకెట్లు తొడిగించుట, వరదనాడు పడవను కట్టివేయుట, ఇవన్నియు రేవునందే జరుగవలెను.

“పడవ నిండినది, ఆగుడు” అని అధికారి పలికినపుడు మనకు కోపము వచ్చును. కాని అతడు మన ప్రాణములనే కాచుచున్నాడు. బాలలారా! నియమమును అందరిచేత పాటింపజేయుట అధికారుల వంతు. అడుగకమునుపే పాటించుట మన వంతు.