ఆరుబయట పండుకునేటప్పుడు దోమల నుండి కాపాడుకొనుట



దసరా సెలవులకు మనమందరం ఇండ్లకు పోతున్నాం. పోయినంక మనలో చాలామందిమి ఇంట్లో పండుకోము. మహబూబాబాద్ దిక్కు వాళ్లు మక్కచేను కావలికి మంచె ఎక్కుతారు. జనగామ దిక్కు దోస్తులు కొందరు మందల వెంట పోతారు. సెలవుల తర్వాత మన స్కౌట్ల శిబిరం కూడా ఉన్నది. పేరు కావలి అయినా, శిబిరం అయినా, జాతర అయినా దోమకు ఒక్కటే. అందుకే ఈసారి గోడపత్రికకు ఈ పాఠం రాస్తున్నాను. ఇందులో సైన్సు సారు చెప్పినవి కొన్ని, మా తాత చెప్పినవి కొన్ని ఉన్నవి. నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉన్నది. ముందు అదే చెప్తాను.

నేను చేసిన తప్పు

మాది కొత్తగూడ మండలం. 2024 ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరిగిన మేడారం జాతరకు మేము ఇంటిల్లిపాది పోయినం. (2018 జాతర నాటికి మేడారం భూపాలపల్లి జిల్లాలో ఉండేది. 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది.) జంపన్న వాగుకు దగ్గర్లో చెట్టు కింద టార్పాలిను కట్టుకొని మూడు రాత్రులు ఉన్నం. మాకు ఉన్నది ఒక్కటే దోమతెర. అమ్మ నన్నూ తమ్ముణ్ణీ అందులో పండుకోబెట్టింది. రెండోనాటి రాత్రి ఇరుకుగా ఉన్నదని నేను తమ్ముణ్ణి కాలితో నెట్టిన. వాడు అలిగి బయటికి పోయి నాయనమ్మ పక్కన పండుకున్నడు. తెల్లారి చూస్తే వాని మొఖం నిండా దద్దులు. నేను నవ్విన.

ఇంటికి వచ్చిన రెండు వారాలకు వానికి వణుకుతో జరం వచ్చింది. ఒకనాడు జరం, ఒకనాడు బాగు, మళ్లా జరం. జాతరల నీళ్లు మారినయి అనుకొని మావాళ్లు ఊరుకున్నరు. ఆశక్క వచ్చి వేలు పొడిచి రక్తం చూస్తే మలేరియా అని తేలింది. క్లోరోక్విన్ గోళీలు మూడు రోజులు, ప్రిమాక్విన్ గోళీలు 14 రోజులు వేసుకోవాలన్నది. ఐదోనాటికే వాడు లేచి ఆడుకుంటూ, ఇంక గోళీలు వద్దని ఏడ్చిండు. "జరం పోయినా క్రిమి కాలేయంలో దాగి ఉంటది, మధ్యలో ఆపితే కొన్ని నెలలకు మళ్లా లేస్తది" అని ఆశక్క చెప్పింది. అప్పుడు నేను గోడమీద బొగ్గుతో 14 గీతలు గీసిన. రోజుకొకటి కొట్టేసుకుంట వానికి నేనే గోళీ వేసిన.

ఆ దోమ మేడారంలో కుట్టిందో, మా వాకిట్లో కుట్టిందో ఎవరూ చెప్పలేరని సైన్సు సారు అన్నరు. కాని నేను నెట్టింది మాత్రం నిజం.

దోమ సంగతులు

మగదోమ కుట్టదు. అది పూలరసం, చెట్ల రసం తాగి బతుకుతుంది. ఆడదోమకు గుడ్లు పెట్టడానికి రక్తం కావాలి. మనం విడిచే శ్వాసలోని బొగ్గుపులుసు వాయువు, చెమట వాసన, ఒంటి వేడి పట్టుకొని అది మన దగ్గరకు వస్తుంది. కుట్టే దోమలలో మనకు ముఖ్యమైనవి మూడు.

అనాఫిలిస్: తోక పైకెత్తి ఏటవాలుగా వాలుతుంది. వాగు అంచుల్లో, వరిమడిలో నిలిచిన తేటనీళ్లలో పెరుగుతుంది. రాత్రి కుడుతుంది. మలేరియా తెస్తుంది.

క్యూలెక్స్: మురికి నీళ్లలో పెరుగుతుంది. రాత్రి కుడుతుంది. బోదకాలు తెస్తుంది.

ఏడిస్: నల్లటి ఒంటిమీద తెల్లచారలు ఉంటాయి. కొబ్బరిచిప్పలు, డబ్బాలు, పాత టైర్లలో నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. పగలు కుడుతుంది. డెంగీ, చికున్‌గున్యా తెస్తుంది. భూపాలపల్లి దోస్తులారా, మీ దిక్కు లారీల టైర్లు ఎక్కువ, వాటిని ఒకసారి చూడండి.

దోమ వల్ల మలేరియా వస్తుందనే సంగతికి మొదటి రుజువు మన దగ్గరే దొరికింది. జనగామలో రైలెక్కితే ఒక పూటలోపే సికింద్రాబాద్ చేరుతాం. అక్కడ 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైన్యపు డాక్టరు, హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూసిండు. అందులో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటారు.

దీన్నిబట్టి ఒక సంగతి గమనించాలి. దోమకు పుట్టుకతో మలేరియా ఉండదు. రోగిని కుట్టినప్పుడు క్రిమి దానిలోకి పోతుంది. పది పదిహేను రోజులు అందులో పెరిగినంక ఇంకొకరిని కుడితే వారికి అంటుతుంది. కాబట్టి జరమొచ్చినవారిని తెరలో పండుకోబెడితే మిగతావారిని కూడా కాపాడినట్టే.

ఆరుబయట తీసుకోవలసిన జాగ్రత్తలు

1. స్థలం వెలుతురుండగానే చూసుకోవాలి. నిలిచిన నీళ్లకు, పొదలకు దూరంగా, గాలి ఆడే మెరక జాగ మేలు. గాలి గట్టిగా ఉంటే దోమ నిలిచి ఎగరలేదు.

2. పొద్దుగూకక ముందే పొడుగు చేతుల అంగీ, నిండు లాగు వేసుకోవాలి. నల్లబట్టలకంటె లేతరంగు బట్టలు మంచివి.

3. తెర కట్టే ముందు చిరుగులు చూసి సూదిదారంతో కుట్టాలి. మంచెకైతే నాలుగు గుంజలకు కట్టాలి. నేలమీదైతే నాలుగు కర్రలు పాతాలి. అంచులు చాప కిందికో గొంగడి కిందికో దోపాలి. చేయి, మోకాలు తెరకు ఆనితే దోమ బయటినుండే కుడుతుంది.

4. సర్కారు ఇచ్చిన మందు తెరలను వాగులో, చెరువులో ఉతకరాదు, చేపలు చస్తాయి. నీడలోనే ఆరబెట్టాలి. కొందరు వాటితో చేపలు పడుతున్నరు, కోళ్లగూటికి కడుతున్నరు. అది మన పిల్లల రక్తం దోమలకు ఇచ్చినట్టే.

5. మా తాత పాతకుండలో పిడక నిప్పు వేసి, దానిమీద వేపాకు, వావిలాకు వేసి గాలి వచ్చే దిక్కున పెడతడు. పొగ ఉన్నంతసేపు దోమలు తగ్గుతాయి, ఆరినంక మళ్లా వస్తాయి. నిద్రపోయినంక నిప్పు చూసేవారుండరు, గడ్డి అంటుకుంటది. అందుకే తాత అంటడు: "పొగ కూసున్నప్పటికి, తెర పండుకున్నప్పటికి." గుడారం లోపల నిప్పుగాని, దోమల చుట్టగాని ముట్టించరాదు.

6. కొట్లో దొరికే పూతమందు రాసుకోవచ్చు. డీట్ అనే పూతమందు 1940లలో అమెరికా సైన్యం కోసం తయారైంది. దాన్ని కండ్లకు, పెదవులకు, పుండ్లకు తగలనీయరాదు. చిన్నపిల్లల అరచేతులకు రాయరాదు, వారు నోట్లో పెట్టుకుంటారు.

మిగతా పురుగులు

మందల వెంట పోయేవారికి గోమార్లు పడతాయి. కిరసనాయిలు పోసుడు, బీడీతో కాల్చుడు చేయకండి. సన్నని చిమటాతో చర్మం దగ్గర పట్టి, మెల్లగా నిటారుగా లాగి, సబ్బుతో కడగాలి. గడ్డిలో కంటికి ఆనని సన్నపురుగులు కూడా ఉంటాయి, వాటివల్ల స్క్రబ్ టైఫస్ జరం రావచ్చు. కుట్టినకాడ కొందరికి కాలినట్టు నల్లమచ్చ పడుతుంది. కాబట్టి ఉత్త గడ్డిమీద పండుకోరాదు, విప్పిన బట్టలు గడ్డిమీద వేయరాదు. లేవగానే చెప్పులు దులిపి తొడుక్కోవాలి, తేలు ఉండవచ్చు.

జరం వస్తే

సెలవుల నుండి వచ్చినంక నెలలోపు ఎవరికి జరం వచ్చినా దాచిపెట్టకండి. ఇంటికి పంపిస్తారని భయపడి దుప్పటి కప్పుకొని పండుకునే అలవాటు మనలో ఉన్నది. వెంటనే వార్డెన్ సారుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. సొంతంగా గోళీలు వేసుకోకండి, ఇచ్చినవి మధ్యలో ఆపకండి. వార్డెన్ సారుకు ఒక మనవి: శిబిరానికి పోయే ముందు తెరలన్నీ ఒకసారి విప్పి చూపిస్తే, చిరిగినవి మేమే కుట్టుకుంటాం.

చదివినవారికి ప్రశ్నలు

1. ఏ దోమ పగలు కుడుతుంది?
2. జరం పోయినా గోళీలు ఎందుకు ఆపరాదు?
3. మీ ఇంట్లో ఎంతమంది? తెరలు ఎన్ని?

మూడో ప్రశ్నకు జవాబు ఇంటికి పోయి లెక్కపెట్టి రండి. మా ఇంట్లో ఇప్పుడు ఐదుగురం, తెరలు మూడు. మంచెకాడ ఉన్నది మాత్రం ఒక్కటే. ఈ దసరాకు తమ్ముడు నాతో కావలికి వస్తానంటున్నడు. తెర ఇరుకైతే ఈసారి నేను ముడుచుకొని పండుకుంటాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి, 9వ తరగతి