ఇంటెలా, ఏఎండీనా? కొనే ముందు పేరు మొత్తం చదవండి



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయి, కుర్చీలోంచి లేస్తూ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, బాబుకి డెస్క్‌టాప్ కొందామనుకుంటున్నాం. ఇంటెల్ తీసుకోమంటారా, ఏఎండీ తీసుకోమంటారా?" వెనక ఇంకో పదిమంది లైన్లో ఉండగా రెండు మాటల్లో తేల్చే జవాబు కాదది. అందుకే ఈ నెల ఈ పేజీని దానికే వాడుకుంటున్నాను.

ముందుగా మా ల్యాబ్‌లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. పోయిన ఏడాది తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు "మా నాన్న ఐ7 కొన్నారు మేడం" అని అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. వాళ్ల నాన్నగారు చీటీ పాడి, ఆ డబ్బుతో కొన్నారట. రెండు నెలలు తిరక్కుండానే "చాలా స్లోగా ఉంది మేడం, విండోస్ 11 ఎక్కట్లేదు" అన్నాడు. ఇంటికెళ్లి సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి, ప్రాసెసర్ అని ఉన్నచోట ఏముందో నోట్‌బుక్‌లో రాసుకు రమ్మన్నాను. "ఇంటెల్ కోర్ ఐ7-2600" అని రాసుకొచ్చాడు. అది 2011లో మార్కెట్లోకి వచ్చిన ప్రాసెసర్. ఇంచుమించు ఆ అబ్బాయి వయసే దానికీ ఉంటుంది.

అమ్మినవాళ్లు అబద్ధం చెప్పలేదు, గమనించండి. అది ఐ7నే. క్యాబినెట్ కొత్తది, మదర్‌బోర్డు కొత్తది, లోపల ప్రాసెసర్ మాత్రం ఏదో ఆఫీసు తీసేసిన పాత కంప్యూటర్‌లోంచి వచ్చింది. ఇలాంటి సెట్లు మన ఊళ్లలోనూ ఆన్‌లైన్లోనూ "ఐ7, 16 జీబీ ర్యామ్" అనే పెద్ద అక్షరాలతో తక్కువ ధరకు దొరుకుతాయి. విండోస్ 11కు అర్హమైన ప్రాసెసర్ల జాబితాలో ఇంటెల్‌వి దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీవి రైజెన్ 2000 సిరీస్ నుంచి ఉంటాయి. విండోస్ 10కేమో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్‌ను 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. అంటే ఆ తండ్రి కొన్నది ముందే గడువు తీరిపోతున్న సరుకు.

కాబట్టి మొదటి పాఠం బ్రాండ్ గురించి కాదు, పేరు చదవడం గురించి. ఐ3, ఐ5, ఐ7 అనేవి ర్యాంకుల్లాంటివి. ఏ బ్యాచ్‌లో వచ్చిన ర్యాంకో చెప్పేది దాని తర్వాత ఉండే అంకె. ఐ7-2600లో ఆ 2 అంటే రెండో తరం. ఐ3-12100లో 12 అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. రెంటిలోనూ కోర్లు నాలుగే, థ్రెడ్లు ఎనిమిదే. అయినా పన్నెండో తరం ఐ3 ముందు రెండో తరం ఐ7 ఏ పనిలోనూ నిలబడదు. పాత బ్యాచ్ టాపర్ కంటే కొత్త బ్యాచ్‌లో మామూలు విద్యార్థే నయమన్నమాట. మన స్కూల్లో ఇలా అంటే సీనియర్లు ఊరుకోరు గానీ, ప్రాసెసర్ల విషయంలో ఇది నిజం. ఇంటెల్ ఈ మధ్య "కోర్ అల్ట్రా 5 225" లాంటి పేర్లు పెడుతోంది. అక్కడ మూడంకెల సంఖ్యలో మొదటి 2 సిరీస్‌ను చెబుతుంది. పాత రెండో తరంతో దానికి సంబంధం లేదు.

ఏఎండీ వాళ్ల రైజెన్ 3, 5, 7, 9 కూడా ర్యాంకులే. "రైజెన్ 5 5600జి"లో 5600 అంటే 5000 సిరీస్.

ఇక చివర ఉండే అక్షరం. దీన్ని పట్టించుకోక నేనే దెబ్బతిన్నాను. మా తమ్ముడు బీటెక్‌లో చేరినప్పుడు విడిభాగాలు తెప్పించి ఇంట్లోనే బిగించుకుందామని ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ఎంచుకున్నాను. ఎఫ్ లేనిదానికంటే కొంచెం చవక. అన్నీ బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. మా అమ్మ పక్కన నిలబడి "ఇంత పెట్టి కొన్నది ఇదేనా?" అంది. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెడితే తప్ప తెర మీద బొమ్మ రాదు. ఆదా చేశాననుకున్నదానికి ఎన్నో రెట్లు ఆ కార్డుకు పోసి తెచ్చాం.

ఏఎండీలో ఇది ఇంకొంచెం తికమక. 5000 సిరీస్‌లో చివర జి ఉంటేనే డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటుంది. ఉత్త 5600కు ఉండదు, 5600జికి ఉంటుంది. 7000 సిరీస్‌కి వచ్చేసరికి జి లేకపోయినా చాలావాటిలో చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంది, ఎఫ్ ఉన్నవాటిలో లేదు. ఈ పేర్లు నేర్పడం కంటే పిల్లలకు సంధులు నేర్పడమే తేలిక.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. చాలామందికి ఉండే భయం ఏమిటంటే, ఏఎండీలో పిల్లాడికి కావాల్సిన సాఫ్ట్‌వేర్లు నడవవేమోనని. ఈ రెండు కంపెనీలూ ఒకే గూటి పక్షులు. 1968లో ఇంటెల్‌ను పెట్టిన రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్, 1969లో ఏఎండీని పెట్టిన జెర్రీ శాండర్స్ అందరూ కాలిఫోర్నియాలోని ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ నుంచి బయటికొచ్చినవాళ్లే. 1981లో ఐబీఎం తన పీసీకి ఇంటెల్ 8088ను తీసుకుంది. ఒక్క కంపెనీ మీదే ఆధారపడటం ఇష్టంలేక, ఇంకొకరు కూడా సరఫరా చేయాలని పట్టుబట్టింది. అలా ఇంటెల్ డిజైన్ తయారుచేసే హక్కు ఏఎండీకి దక్కింది. తర్వాత 2003లో ఆ డిజైన్‌ను 64 బిట్లకు పెంచి ఏఎండీ ముందు మార్కెట్లోకి తెస్తే, ఇంటెల్ అదే దారి పట్టింది. మీ ఇంట్లో ఇంటెల్ కంప్యూటర్ ఉన్నా, అందులో 64 బిట్ విండోస్ నడిచేది ఏఎండీ వేసిన దారిలోనే. పైథాన్, స్క్రాచ్, ఎంఎస్ ఆఫీస్, ఆన్‌లైన్ క్లాసులు, రేపు ఇంజినీరింగ్‌లో ఆటోక్యాడ్, ఇవన్నీ రెండింటిలోనూ నడుస్తాయి.

"ఏఎండీ వేడెక్కిపోతుందట కదా" అనేది రెండో మాట. ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు. 2011 తర్వాత వచ్చిన ఎఫ్ఎక్స్ ప్రాసెసర్లు కరెంటు బాగా తాగేవి. వాటిలో ఒకటి ఏకంగా 220 వాట్ల రకం. 2017లో రైజెన్ వచ్చాక ఆ కథ మారింది. 5600జి 65 వాట్ల రకం, డబ్బాలో వచ్చే మామూలు కూలర్ చాలు. ఇంటెల్‌కూ మచ్చలేదనుకోకండి. 13, 14 తరాల్లో ఎక్కువ శక్తి గల కొన్ని డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఉన్నట్టుండి క్రాష్ అవుతున్నాయని గొడవైతే, 2024లో ఆ కంపెనీ సమస్యను ఒప్పుకుని, బయోస్ ద్వారా సరిదిద్దే అప్‌డేట్లు ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. 12వ తరానికి ఆ సమస్య లేదు. ఎవరైనా 13 లేదా 14వ తరం అమ్మజూపితే బయోస్ అప్‌డేట్ చేసి ఇవ్వమని అడగండి.

నా సలహా ఇది. పదో తరగతి లోపు పిల్లలకు, చదువు, కోడింగ్, ప్రాజెక్టుల కోసమైతే ఎఫ్ లేని ఐ3-12100 లాంటిది నిశ్చింతగా సరిపోతుంది. మీవాడు ఆటలు ఆడకుండా ఉండడని మీకు తెలుసు, వీడియో ఎడిటింగ్ కూడా అంటున్నాడు, విడిగా గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం డబ్బు పెట్టలేం అనుకుంటే 5600జి తీసుకోండి. దానికి ఆరు కోర్లు, లోపలి గ్రాఫిక్స్ ఆ ఐ3 కంటే బలమైనది. ఒక్క షరతు. అది ర్యామ్‌నే గ్రాఫిక్స్‌కూ వాడుకుంటుంది కాబట్టి ఒకే పెద్ద ర్యామ్ కాకుండా 8 జీబీవి రెండు వేయించాలి. ఒకటే వేస్తే బలం చాలావరకు తగ్గిపోతుంది.

ఇంటర్, బీటెక్ దాకా అదే మెషీన్‌ను పెంచుకుంటూ పోదామనుకునేవాళ్లు ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు అడగాలి. ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎం5 సాకెట్‌లో ఒకటికంటే ఎక్కువ తరాలు పడుతున్నాయి. ఇంటెల్ 12, 13, 14 తరాలకు ఒకే సాకెట్ వాడి, కోర్ అల్ట్రాతో మార్చేసింది. నేను పైన చెప్పిన 5600జి మాత్రం పాత ఏఎం4 సాకెట్‌ది, దానికి ముందు దారి పెద్దగా లేదు. నిజం చెప్పాలంటే, ఇంట్లో ప్రాసెసర్ మార్చి పెట్టుకునేవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. దానికోసమే ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

ఆ మిగిలిన డబ్బు ఎస్ఎస్‌డీకి పెట్టండి. పాత తరహా హార్డ్ డిస్క్ ఒక్కటే ఉంటే ఏ బ్రాండ్ ప్రాసెసర్ పెట్టినా కంప్యూటర్ తెరుచుకునేసరికి పిల్లాడి చదువు మూడ్ పోతుంది. అలాగే ఊరూ పేరూ లేని ఎస్ఎంపీఎస్‌తో సర్దుకోవద్దు. మన వోల్టేజీ సంగతి మీకు తెలిసిందే, ఒక యూపీఎస్ కూడా లెక్కలో వేసుకోండి.

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లో కొన్నా, డబ్బాలో సీలుతో వచ్చిన ప్రాసెసర్ అడగండి. దానికి మామూలుగా మూడేళ్ల కంపెనీ వారంటీ ఉంటుంది. డబ్బా లేకుండా విడిగా ఇచ్చే "ట్రే" ప్రాసెసర్ చవకగా వస్తుంది గానీ, తేడా వస్తే మీరు ఆ దుకాణదారుడి మంచితనం మీద ఆధారపడాలి. బిల్లు మీద "ఐ5 పీసీ" అని కాకుండా ప్రాసెసర్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా, సీరియల్ నంబరుతో రాయించుకోండి. పూర్తి పేరు రాయడానికి ఇష్టపడని చోట కొనకండి.

ఈ ఆదివారం మీ పిల్లలతో ఒక చిన్న పని చేయించండి. ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో, మీ ఆఫీసులోనో ఉన్న మూడు కంప్యూటర్ల ప్రాసెసర్ పేర్లు రాసుకు రమ్మనండి. ఒక్కోటి ఏ తరానిదో, గ్రాఫిక్స్ ఉందో లేదో వాళ్లనే మీకు చెప్పమనండి. దుకాణంలో కొటేషన్ తీసుకుంటే, డబ్బు కట్టకముందు దాని ఫోటో పిల్లల డైరీలో పెట్టి పంపండి. ల్యాబ్ పీరియడ్‌లో అందరం కలిసి చదువుతాం, ఏ అక్షరం దగ్గర ఆగాలో మీ పిల్లలే వచ్చి మీకు చెప్తారు.