మన పళ్లెము – దేవుని భూమి
(అధ్యయన పాఠము)

పాఠ్యభాగములు: ఆదికాండము 2:15, దానియేలు 1:8–16, యోహాను 6:12, ఫిలిప్పీ 2:4



బళ్లారి నుండి హోస్పేట వెళ్లు దారిలో, కుడతిని దగ్గర ఒక పాత బూడిద దిబ్బ ఉన్నది. ఇది అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రపు బూడిద కాదు. వేల సంవత్సరముల క్రితము పశువుల మందలు కట్టిన చోట పేడ పోగుపడి, కాలి మిగిలిన దిబ్బ. ఇటువంటి దిబ్బల సంగతి 1957లో పాలమూరు జిల్లా ఉట్నూరులో ఆల్చిన్ జరిపిన త్రవ్వకములవలన తేటపడినది. ఆ కాలపువారు ఏమి తినిరో బళ్లారి దగ్గరి సంగనకల్లులో దొరికిన మాడిన గింజలు చెప్పుచున్నవి: ఉలవలు, పెసలు, అండుకొర్రలు. అన్నియు వానకు పండునవే. మనము తినునది మన వెనుక నేలమీద గురుతు విడుచును. మన పళ్లెమును మూడు ప్రశ్నలతో పరీక్షించుకొందము.

1. భూమికి ఏమగుచున్నది?

తోటను సేద్యపరచుటయే గాక కాచుట కూడ ఆదామునకు అప్పగింపబడెను. 1953లో తుంగభద్ర నీరు కాలువలకు వచ్చినది. ఆ నీటిని ఎక్కువ పొలములకు పంచి, జొన్నవంటి ఆరుతడి పైరులను కాపాడవలెనని మొదటి ఉద్దేశము. తరువాత కోస్తా జిల్లాలనుండి మనవారనేకులు గంగావతి, సింధనూరు ప్రాంతములకు వచ్చి, క్యాంపులు కట్టుకొని, కష్టపడి వరి పండించిరి. అది మెచ్చదగిన శ్రమయే. కాని కిలో వడ్లు పండుటకు సగటున 2500 లీటర్ల నీరు కావలెనని అంచనా. నిలువ నీటి మడులనుండి భూమిని వేడెక్కించు మీథేన్ వాయువు కూడ వెలువడును. పూడికవలన జలాశయము మొదటి 133 టి.ఎం.సి.ల నుండి సుమారు 105కు తగ్గినది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు ఆ నీరెంత విలువైనదో అందరికిని తెలిసినది. నల్లరేగడిలో రబీ జొన్న నేలలోని తేమతోనే పండును.

2. దేహమునకు ఏమగుచున్నది?

మూడు పూటలు పాలిషు బియ్యపు అన్నము, పలుచని చారు, పచ్చడి – ఇది మనలో అనేకుల భోజనము. కడుపు నిండును గాని బలము చాలదు. చక్కెర వ్యాధి గలవారికి మరింత ఇబ్బంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలప్రకారము పళ్లెములో సగము కూరగాయలు, పండ్లు ఉండవలెను. ధాన్యమునుండి వచ్చు శక్తి 45 శాతము మించరాదు.

అయితే జొన్నయే సర్వరోగ నివారిణి అనుకొనరాదు. కేవలము జొన్నతో బ్రతికిన పేదలలో పెల్లాగ్రా అను చర్మవ్యాధి వచ్చుచున్నదని 1960లో డా. గోపాలన్, డా. శ్రీకాంతియా తెలిపిరి. గింజ మార్చుట చాలదు. పప్పు, ఆకుకూర, పాలు లేక గ్రుడ్డు తోడు కావలెను. దానియేలు కూడ పరదేశమందే ఆహారమును గూర్చి నిర్ణయము చేసికొనెను. అతని కారణము పథ్యము కాదు, దేవునియెడల నమ్మకత్వము. మన నిర్ణయమునకును అదే మూలమై యుండవలెను.

3. పొరుగువానికి ఏమగుచున్నది?

కాలువ తలవద్ద వరికి నీరు నిండుగా పెట్టినప్పుడు చివరి రైతు పొలము ఎండును. అతడు మన పొరుగువాడు. అట్లని రేషను బియ్యము తిను సహోదరుని తీర్పు తీర్చవద్దు. కూలి డబ్బుతో కూరగాయలు కొనలేనివానికి ఉపదేశముకంటె సహాయము ముఖ్యము. ఒకే దేశము–ఒకే రేషన్ కార్డు ఏర్పాటుక్రింద వలస వచ్చినవారు స్వగ్రామపు కార్డుతోనే ఇక్కడ ధాన్యము తీసికొనవచ్చును, ఎరుగనివారికి తెలుపుడి.

ఆచరణ

* రోజుకు ఒక పూట అన్నమునకు బదులు జొన్నరొట్టె లేక కొర్రన్నము, పప్పుతోను ఆకుకూరతోను.
* వారమునకు రెండుసార్లు ఉలవలు, పెసలు.
* ప్రేమవిందులో మిగిలినది పారవేయక పంచుట. ఐదువేలమందిని పోషించిన ప్రభువే ముక్కలు పోగుచేయించెను.

చర్చకు

1. మీ ఇంట వారములో ఎన్ని రకముల గింజలు వండుదురు?
2. మీ సంఘములో ధర చూచి కూరగాయలు మానుకొను కుటుంబమేది? ఈ నెల వారికేమి చేయుదురు?

మనము భుజించినను పానము చేసినను దేవునికి మహిమ కలుగును గాక. ఆమేన్.