ఆ ఎనిమిది వేలు మిగల్లేదు

మాది హైదరాబాద్ శివార్లలో, శంకర్‌పల్లి దారిలో సొంతిల్లు. కట్టుకునేటప్పుడు మావారు పట్టుబట్టి పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించారు. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, లోతు నాలుగున్నర. మొదట్లో ఒక కుర్రాడు వారానికి మూడుసార్లు వచ్చి శుభ్రం చేసేవాడు. అతనికి నెలకు 8 వేలు ఇచ్చేవాళ్లం. మందులు, కరెంటు వేరే. ఇంటి లోను కిస్తీ పెరిగాక అతన్ని మాన్పించేశాం. కరెంటు బిల్లు తగ్గుతుందని మోటారు కూడా రోజుకు గంటే వేస్తున్నాం.

ఇప్పుడు ఆ పనంతా మా అత్తయ్య చూసుకుంటున్నారు. ఆవిడకు 67 ఏళ్లు. ఖాళీగా కూర్చోవడం ఆవిడకు ఇష్టం ఉండదు. తెల్లవారకముందే లేచి వలతో ఆకులు తీస్తారు, బ్లీచింగ్ పౌడర్ కలిపి పోస్తారు, టైల్స్ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటే యాసిడ్‌తో రుద్దుతారు. ఈమధ్య దగ్గుతున్నారు, చలికి అనుకుంటున్నాం. ఇంత చేసినా నీళ్లు పచ్చబడుతూనే ఉన్నాయి. రెండుసార్లు మొత్తం తోడించి ట్యాంకర్లతో నింపించాం. పిల్లలు దిగేది వేసవి సెలవుల్లోనే. పూడ్చేద్దామంటే మావారు వినరు. నెలకు 5 వేలలో ఈ పూల్‌ను నడిపే దారి చెప్పండి.

– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు:

పూల్ నీళ్ల గురించి అడిగితే పూల్ మందులు అమ్మే షాపతను కూడా చెబుతాడు. మీ ఉత్తరానికి నేను జవాబు రాయడానికి కారణం అందులోని ఒక్క మాట. ‘ఈమధ్య దగ్గుతున్నారు, చలికి అనుకుంటున్నాం.’ ఎవరమ్మా అలా అనుకున్నది? రోజూ బ్లీచింగ్ పౌడర్ పొడి పీలుస్తూ, యాసిడ్ ఆవిరి మీదికి వంగి టైల్స్ రుద్దే మనిషి దగ్గుతుంటే మీకు ముందు చలికాలం గుర్తొచ్చిందా?

బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లీచింగ్ కలిపిన మగ్గుతోనే యాసిడ్ తీసినా, తడి నేల మీద రెండూ ఒకచోట పడినా చాలు. అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఈ వారమే ఆవిడను ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఉత్త దగ్గు అని చెప్పకండి, పూల్‌కు ఏ మందులు వాడుతున్నారో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో డాక్టర్‌కు వివరంగా చెప్పండి. ఇంకో సంగతి. చీకట్లో, తడిసిన గట్టు మీద, నాలుగున్నర అడుగుల నీళ్ల పక్కన ఒక్కరే ఉంటున్నారే, ఆవిడకు ఈత వచ్చా? మీరు రాయలేదు. మీకు తెలుసా అని కూడా నా అనుమానం.

ఇక నీళ్లు. మీ పూల్‌లో పట్టేవి దాదాపు 37 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడుకు పైగా కావాలి. పచ్చబడ్డ ప్రతిసారీ తోడించి నింపడం డబ్బు నేలపాలు చేయడమే. తెల్లవారి పోసిన క్లోరిన్‌ను ఎండ మధ్యాహ్నానికల్లా తినేస్తుంది. పొద్దు వాలాక వేయాలి. ఎండకు తట్టుకునేలా సయాన్యూరిక్ యాసిడ్ అనే స్టెబిలైజర్ నీళ్లలో 30 నుంచి 50 పీపీఎం ఉండాలి. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 ఉంటే చాలు. చుక్కల మందుతో చూసుకునే చిన్న కిట్ కొనుక్కోండి, అంచనాగా పోయడం మానేయండి. మోటారు గంట వేసి లాభం లేదు. నీళ్లు కదలకపోతే నాచు పడుతుంది, దోమలు గుడ్లు పెడతాయి. ఒక హెచ్‌పీ మోటారు ఆరు గంటలు తిరిగితే సుమారు నాలుగున్నర యూనిట్లు. చలికాలంలో మూడు, నాలుగు గంటలు చాలు. వాడని నెలల్లో కవర్ కప్పితే ఆకులూ పడవు, నీళ్లూ ఆవిరి కావు.

చవక అని మీరు వాడుతున్న బ్లీచింగ్ పౌడర్‌లో సున్నం ఉంటుంది. బోరు నీళ్లలో ఉన్న ఉప్పుకు ఇదీ తోడై టైల్స్ మీద పేరుకుంటుంది. పీహెచ్ పెరిగి క్లోరిన్ పనిచేయడం తగ్గుతుంది. అప్పుడు యాసిడ్ కావాల్సి వస్తుంది, ఆ యాసిడ్ మళ్లీ అత్తగారి చేతికే వెళుతుంది. టీసీసీఏ అనే క్లోరిన్ బిళ్లలకు మారండి. వాటిలోనే స్టెబిలైజర్ ఉంటుంది. కానీ బ్లీచింగ్ పౌడర్ వాడిన డబ్బాలో, మగ్గులో వాటిని వేయకండి, మంటలు లేచే ప్రమాదం ఉంది.

ఇవన్నీ పాటిస్తే మీరనే 5 వేలకు దగ్గరగా రావచ్చు. అయితే ఆ లెక్క ముందే తప్పింది. కుర్రాణ్ని మాన్పించి నెలకు 8 వేలు మిగిల్చామనుకున్నారు. ఆ ఖర్చు పోలేదమ్మా, ఒక పెద్దావిడ నడుము మీదికి మారింది. జీతం తీసుకునే కుర్రాడు వారానికి మూడు రోజులు చేసిన పనిని ఆవిడ ఏడు రోజులూ చేస్తున్నారు, జీతం లేకుండా.

‘ఖాళీగా కూర్చోవడం ఇష్టం ఉండదు.’ మన ఇళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! మనవల టిఫిన్ డబ్బాలు కట్టే నాయనమ్మ గురించి, పాలపాకెట్లకు వెళ్లే తాతయ్య గురించి, ఫంక్షన్ అంటే వంటింట్లో కూలబడే మేనత్త గురించి ఇదే అంటాం. వాళ్లను ఎవరైనా అడిగారా? కొడుకు ఇంట్లో ఊరికే తింటున్నామన్న బెరుకుతో పని అందుకునే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ బెరుకును పోగొట్టాల్సింది మనం. దాన్ని ఆసరా చేసుకుని ఇంటి బడ్జెట్ సరిచేసుకోవడం తప్పు. సొంత తల్లి అయినా, అత్త అయినా తప్పే. మీకంటే మీవారిది పెద్ద తప్పు. ఆవిడ ఆయన తల్లి. పూల్ ఆయన ముచ్చట. మీ ఉత్తరమంతా వెతికినా ఆయన వల పట్టుకున్నట్టు ఒక్క వాక్యం లేదు.

ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి. యాసిడ్ డబ్బాను ఇవాళే అక్కణ్నుంచి తీయించండి. రేపటి నుంచి ఆ పని ఆయన చేయాలి, లేదా జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలి. రెండూ కుదరవంటే ఇంజినీర్‌ను పిలిచి పూల్ పైన స్లాబు వేయించి, డాబా మీది వాన నీళ్లు అందులోకి మళ్లించండి. శంకర్‌పల్లి దారిలో ఎండాకాలం 37 వేల లీటర్ల సంపు ఉన్న ఇంటికి ట్యాంకర్ల ఖర్చు చాలావరకు తప్పుతుంది.